గుంటలోని గజములు

కోరుట్ల నుండి మెట్‌పల్లి వైపునకు గాని, జగిత్యాల వైపునకు గాని పోవునప్పుడు వరిమళ్ల నడుమ, పసుపు చేల ప్రక్కన సున్నము పూసిన హద్దురాళ్లు వరుసలు తీరి కనబడుచుండును. నిన్నటి పంటభూమి నేడు ఇంటి జాగా అగుచున్నది. 63వ జాతీయ రహదారి ఈ పట్టణము మీదుగానే సాగును. 2016లో జగిత్యాల జిల్లా ఏర్పడినది. 2017లో పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గము పూర్తియైనది. భూమికి గిరాకి పెరుగుటలో వింత లేదు.

కొనువారెవరు? గల్ఫు దేశముల ఎండలో కూలి చేసి నెలనెలా సొమ్ము పంపువారు, బీడీలు చుట్టి కూడబెట్టిన తల్లులు, బిడ్డ పెండ్లికి ఆదరువు కోరు రైతులు. ఒక్క పొరపాటు జరిగినచో పదేండ్ల కష్టము మన్నుపాలగును. కావున శ్రోతలు ముందుగా ఒక చిన్న లెక్కను గమనింతురు గాక.

పొలమును ఎకరములలోను, గుంటలలోను కొలుతుము. ఇంటి జాగాను గజములలో కొలుతుము. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు, వెరసి ఎకరము 4,840 గజములు. 200 గజముల చొప్పున పంచినచో 24 ప్లాట్లు వచ్చునని తోచును. మరి బాట ఏది? 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల ప్లాటు సరిగా 200 గజములు. దాని ముందు 30 అడుగుల బాట ఉండవలెనన్నచో, ఎదుటి ప్లాటుతో సగము పంచుకొన్నను, ఒక్కొక్క ప్లాటు వంతున 50 గజములు బాటకు పోవును. అప్పుడు ఎకరమునకు 19 ప్లాట్లే వచ్చును. అడ్డబాటలు, మురుగు కాలువలు, ఉద్యానమునకు విడువవలసిన ఖాళీ స్థలము తీసివేసినచో ఆ సంఖ్య ఇంకను తగ్గును. ఎవరైనను ఎకరములో 23 ప్లాట్లు గీసి చౌకగా ఇత్తుమన్నచో, ఆ చౌకదనము మన బాటను కోసి తెచ్చినదే.

ఈ లెక్క సరిపోయిన పిమ్మట కాగితములు చూడవలెను. సాగుభూమిని ఇండ్లకు వాడుటకు 2006 నాటి చట్టము ప్రకారము వ్యవసాయేతర మార్పిడి జరిగియుండవలెను. దీనినే జనులు నాలా అందురు. లేఔటుకు అధికారుల అనుమతి ఉండవలెను. ఆ అనుమతికి జతచేసిన నక్షలో మన ప్లాటు సంఖ్య కనబడవలెను. అమ్మువానికి భూమి ఎట్లు సంక్రమించినదో 1954–55 నాటి ఖాస్రా పహాణి మొదలుకొని వరుస తెగక చూపవలెను. అది చెరువు శిఖము గాని, ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమి గాని కారాదు. 1977 నాటి చట్టము అసైన్డు భూముల అమ్మకమును నిషేధించినది.

రిజిస్ట్రేషను అయినచో భయము లేదని పలువురు తలంతురు. రిజిస్ట్రేషను కార్యాలయము దస్తావేజును నమోదు చేయునే గాని, అమ్మువాని హక్కుకు పూచీ పడదు. తెల్లకాగితముపై వ్రాసుకొన్న సాదా బైనామా వలన గాని, కేవలము జి.పి.ఏ. వలన గాని యాజమాన్యము సంక్రమింపదు. జి.పి.ఏ. విషయమును సుప్రీంకోర్టు 2011లో స్పష్టపరచినది. 2020 ఆగస్టు 26న అనుమతి లేని లేఔట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషనును తెలంగాణ ప్రభుత్వము నిలిపివేసినది. ఆగస్టు 31న క్రమబద్ధీకరణ పథకమును ప్రకటించినది. అమ్మినవాడు విడువని బాటకు, తీసికొనని అనుమతికి కొన్నవాడు రుసుము కట్టవలసి వచ్చినది.

దూరదేశమున ఉన్నవారు ఫోనులో వచ్చిన చిత్రమును చూచి సొమ్ము పంపరాదు. ఇంటివారిలో ఒకరు నక్షను చేతబట్టి ఆ నేలపై నడువవలెను. వానకాలములో ఒకమారు చూచుట మరింత మేలు. నీరు ఎక్కడ నిలుచునో అప్పుడే తెలియును. ప్రక్క పొలము రైతును హద్దు అడుగవలెను. రిజిస్ట్రేషను శాఖ నుండి ఈసీ తీసి, తాకట్టులేవైన ఉన్నవేమో చూడవలెను. సాగుభూమి వివరములు 2020 నుండి ధరణిలో ఉండెడివి. 2025 ఏప్రిల్ నుండి భూభారతి వచ్చినది. వీటన్నిటికి పట్టు కాలము కొద్ది దినములే.

ప్లాటును కొలుచుటకు టేపు పట్టువారు చాలమంది కలరు. దాని ముందరి బాటను కూడ కొలిచి, అది నక్షలోని వెడల్పుతో సరిపోయిన తరువాతనే బయానా ఇయ్యవలెను.