వార్తల్లో పదం: సమేరియం-కోబాల్ట్ అయస్కాంతం

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. వాటిలో సమేరియం ఒకటి. క్షిపణులు, ఉపగ్రహాల్లో వాడే అయస్కాంతాలకు ఇది కీలకం.

ఈ అయస్కాంతాల్లో సరళమైన రకంలో ఒక సమేరియం పరమాణువుకు అయిదు కోబాల్ట్ పరమాణువులుంటాయి. మామూలు మిశ్రమలోహంలో పాళ్లు అటూ ఇటూ కావచ్చు. ఇక్కడ లెక్క ఖాయం, స్ఫటికంలో దేని చోటు దానిదే. అసలు అందం ఈ రెండింటి పని విభజనలో ఉంది. అయస్కాంత బలంలో ఎక్కువ భాగం కోబాల్ట్‌ది. ఆ బలాన్ని స్ఫటికపు నిలువు అక్షానికి కట్టిపడేసేవి సమేరియంలో 4ఎఫ్ అనే లోపలి పొరలోని ఎలక్ట్రాన్లు. దాన్ని పక్కకు మళ్లించాలంటే భారీ క్షేత్రం కావాలి.

కాబట్టి తయారీలో స్ఫటికాల దిశే ప్రాణం. పోతపోసిన దిమ్మెను కొన్ని మైక్రాన్ల పొడిగా నూరతారు. అప్పుడు ఒక్కో రేణువూ దాదాపు ఒక్కో స్ఫటికం. అయస్కాంత క్షేత్రంలో పెడితే రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. అలా ఉండగానే అదిమి, గాలి తగలకుండా 1,100 డిగ్రీలు దాటిన వేడిలో గట్టిపరుస్తారు.

మామూలు వేడిమిలో నియోడిమియం అయస్కాంతమే బలమైనది. కానీ సుమారు 310 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని అయస్కాంత గుణం పోతుంది. సమేరియం-కోబాల్ట్ 700 డిగ్రీల దాకా నిలుస్తుంది.

సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కోసం విశాఖపట్నంలో ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ నెలకొల్పిన ప్లాంటు 2023 మేలో జాతికి అంకితమైంది. సాంకేతికతలో హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనాశాల డీఎంఆర్‌ఎల్‌కూ పాలుంది. సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. చిన్న మొత్తమే అయినా, రక్షణ, అంతరిక్ష అవసరాలకు ఇది చాలా విలువైన ఆరంభం.