రెండు చేతులా నాడి చూడాలి

కంచికచర్ల పక్కన చెవిటికల్లులో మిరప కోతకు వెళ్లే ఒక పాతికేళ్ల అమ్మాయి ఉందనుకుందాం. నాలుగు సాళ్లు కోసేసరికి ఎడమ చెయ్యి లాగేస్తుంది, కాసేపు ఆపితే సర్దుకుంటుంది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఎడమ చేతికి పట్టీ చుట్టి, బీపీ బాగా పడిపోయిందని సెలైన్ ఎక్కిస్తాడు. "నరాల వీక్‌నెస్సే అమ్మాయ్, రెండు సూదులేయించుకో" అంటుంది పక్కింటావిడ.

అదే పట్టీ కుడి చేతికి చుట్టి ఉంటే బీపీ 170 చూపించేదేమో. ఎడమ మణికట్టు దగ్గర నాడి వేలికి తగిలేదే కాదేమో.

ఈ జబ్బు పేరు టకయాసు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, దాని కొమ్మలు వాస్తాయి. గోడలు మందమెక్కి లోపలి దారి ఇరుకైపోతుంది. చేతికి వెళ్లే కొమ్మ మూసుకుంటే ఆ చేతిలో బీపీ తక్కువ చూపిస్తుంది. మూత్రపిండానికి వెళ్లేది ఇరుకైతే ఒంట్లో అసలు బీపీ పెరిగిపోతుంది. అలాంటి మనిషికి 'లో బీపీ' అని సెలైన్ పెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు. 1908లో జపాన్ కంటి డాక్టరు మికితో టకయాసు ఒక యువతి కంటి లోపల రక్తనాళాలు దండలా అల్లుకుపోయి ఉన్నాయని చెప్పాడు. అలాంటి కళ్లున్న మరికొందరికి చేతి నాడి అందడం లేదని తోటి డాక్టర్లు అదే సభలో చెప్పారు. 'నాడి లేని జబ్బు' అన్న పేరు అలా వచ్చింది. ఎక్కువగా నలభై లోపు ఆడవాళ్లకే వస్తుంది. మన దేశంలో ఇది అరుదే గాని, యూరప్‌లో కన్నా ఎక్కువే కనిపిస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు 'నరం' అనే మాటలో ఉంది. తిమ్మిరెక్కినా నరమే, రక్తం అందకపోయినా నరమే. అందుకే రక్తనాళం జబ్బుకు నెలల తరబడి బలానికి సూదులు పడుతుంటాయి.

చుట్ట, బీడీ, సిగరెట్ కాల్చే నడివయసు లోపు మగవాళ్లకు ఇంకో రకం ఉంది. నాలుగడుగులు నడిస్తే పాదం పట్టేస్తుంది, బొటనవేలు నల్లబడుతుంది, పుండు మానదు. షుగరేమోనని చూస్తే షుగరుండదు. ఇది బర్గర్ వ్యాధి. లియో బర్గర్ న్యూయార్క్‌లో తీసేసిన కాళ్లలోని రక్తనాళాలను పరీక్షించి దీన్ని వివరించింది కూడా 1908లోనే. పొగాకు పూర్తిగా మానేస్తే కాలు దక్కుతుంది. రోజుకు ఒక్కటే అన్నా జబ్బు ఆగదు.

టకయాసుకు మందు మొదట ప్రెడ్నిసోలోన్. మొహం ఉబ్బిందని చాలామంది మధ్యలో ఆపేస్తారు. డాక్టరు మెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. దాంతోపాటు తరచూ ఇచ్చేది మెథోట్రెక్సేట్. ఈ మాత్ర వెనుక మనవాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలు నడిపినప్పుడు, 1940లలో, ఆయన బృందం చేతుల్లోంచి వచ్చిందే ఇది. తోడుగా వేసుకునే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిందీ ఆ బృందమే. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే చంపేస్తుంది. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. మొదలుపెట్టేముందు లోపల టీబీ దాగి ఉందేమో చూస్తారు.

ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు వాపును పట్టిస్తాయి. ఏ కొమ్మ ఇరుకైందో యాంజియోగ్రామ్ చూపిస్తుంది. ఈ జబ్బులు చూసేది రుమటాలజిస్టులు, అంటే కీళ్లవాతం డాక్టర్లు. నందిగామ వైపు వాళ్లకు ఒక పక్క విజయవాడ, అదే హైవే మీద మరో పక్క హైదరాబాద్ నిమ్స్ ఉన్నాయి.

చికిత్సతో వాపు తగ్గినా మూసుకున్న చేతిలో నాడి తిరిగి రాకపోవచ్చు. అందుకే ఆ అమ్మాయి ఫైలు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి ఉండాలి: 'బీపీ కుడి చేతికే చూడండి'. రెండు చేతులూ మూసుకుపోయిన వాళ్లకు తొడకు పట్టీ చుట్టి చూస్తారు.