ఖాళీ చేయని బ్యారక్

చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి పహాడీ షరీఫ్ దారి పడితే కాసేపటికే బార్కాస్ వస్తుంది. చలికాలంలో ఆ రోడ్డంతా జామపండ్ల వాసనే. నిజాం సైనికులు కాపురమున్న చోటు గనుక ఇంగ్లిషువాళ్ల ‘బ్యారక్స్’ హైదరాబాదీ నోట నలిగి బార్కాస్ అయింది. మూసీకి ఇవతల ఫ్రెంచి సేనాని మోస్యె రేమోను పేరు మూసారాంబాగ్‌గా మారినట్టే ఇదీను. పండితులు దీన్ని అపభ్రంశం అంటారు. నాకు మాత్రం ఆ మాట రుచించదు. జనం వాడి వాడి తమదిగా చేసుకున్న పేరది.

అసలు ఆ మాటే పేదింటిది. స్పానిష్‌లో ‘బరాకా’ అంటే గుడిసె. స్పెయిన్‌లోని వాలెన్సియా పొలాల్లో నిటారుగా లేచిన గడ్డికప్పు ఇళ్లకు ఇప్పటికీ అదే పేరు. సిపాయిలు యుద్ధరంగంలో వేసుకునే డేరానూ అలాగే పిలిచారు. ఫ్రెంచి మీదుగా 17వ శతాబ్దంలో ఇంగ్లిషులో చేరాక డేరా పోయి పక్కా కట్టడం వచ్చింది. మన పత్రికల్లోనైతే బ్యారక్ అనగానే జైలే గుర్తొస్తుంది.

బార్కాస్‌లో దిగిన సిపాయిలది యెమెన్‌లోని హద్రమౌత్. వానలు అరుదైన ఆ నేల నుంచి బతుకుతెరువుకు సముద్రం దాటి వచ్చి నిజాం కొలువులో చేరారు. వాళ్లను ఇక్కడ చావూష్‌లు అంటారు. అది తుర్కీ సైన్యంలోని ఒక హోదా పేరు. 19వ శతాబ్దంలో ఈ అరబ్ దళాలను నడిపిన జమాదార్ల పలుకుబడి తక్కువది కాదు. సర్కారుకే అప్పులిచ్చి, బదులుగా జిల్లాల శిస్తు రాబట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పెత్తనం కింద రైతు నలిగాడన్నది దాచాల్సిన సంగతి కాదు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ వాళ్ల జోరుకు కళ్లెం వేశాడు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమాదారు హైదరాబాదులో గడించిన సొమ్ముతో హద్రమౌత్‌లో ఏకంగా రాజ్యానికే పునాది వేశాడు. అతని వారసులు ముకల్లా రాజధానిగా 1967 దాకా ఏలారు. దక్కను జీతం డబ్బు అరేబియాలో గద్దె నిలిపిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

1948 సెప్టెంబరులో హైదరాబాదును భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యం రద్దయింది. అరబ్బులను చాలామందిని నిర్బంధించారు, వేలమందిని ఓడలెక్కించి పంపేశారు. బ్యారక్ అంటే హుకుం రాగానే ఖాళీ చేయాల్సిన కొంప. కొలువూ జీతమూ పోయినా మిగిలినవాళ్లు కదల్లేదు. ఇక్కడే పుట్టారు, ఇక్కడివాళ్లనే పెళ్లాడారు, దక్కనీ ఉర్దూ మాట్లాడారు. ఎక్కడికి పోతారు? 1970ల్లో గల్ఫ్ దారులు తెరుచుకున్నాక ఎందరో అటు వెళ్లి సంపాదించి పంపారు.

హద్రమౌత్ ఆనవాళ్లు తిండిలో బాగా కనిపిస్తాయి. ఇక్కడ హరీస్ పొద్దుటి ఫలహారం. గోధుమలు, మాంసం పెద్ద డేగిశాలో గంటల తరబడి ఉడికిస్తారు. కట్టె గోటాతో మెదిపి మెదిపి, గింజేదో పీచేదో తెలియకుండా చేస్తారు. గిన్నెలో పోసి పైన నెయ్యి వేస్తారు. కారం హరీస్ ఒకటి, చక్కెర వేసిన తీపిది ఒకటి. మాంసంలో చక్కెరా అని వెనకాడేవాళ్లు ఒక్క చెంచా తిని చూడాలి. మాంసంతో వడ్డించే అన్నం మందీకైతే పళ్లెం ఒక్కటే, దాని చుట్టూ నలుగురూ కింద కూర్చుని తినాల్సిందే. ఇప్పుడు నగరమంతా మందీ హోటళ్లే, బార్కాస్ పేరుతో బోర్డులు కూడా.

చావూష్‌లతోనూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతోనూ నగరానికి దక్కిన మేళం మర్ఫా. డప్పులు, మర్ఫా డోళ్లు, లోహపు బిందెల మీద కట్టెపుల్లల దరువు. తీన్‌మార్ ఆ దరువుల్లోదే. పెళ్లి ఊరేగింపులో, వినాయక నిమజ్జనంలో తీన్‌మార్ పడగానే కుర్రాళ్లు రోడ్డుమీదికి దూకుతారు. అది ఏ బస్తీలోంచి వచ్చిందో వాళ్లకు ఎవరైనా చెబితే బాగుండును.