సెక్షన్ 106(2)

భారతీయ న్యాయ సంహితలో లారీ డ్రైవర్లు అడ్డుకున్న నిబంధన ఇది. నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి చావుకు కారణమై, వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు, జరిమానా. పాత ఐపీసీ 304ఏ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే.

2024 జనవరి 1న చాలాచోట్ల డ్రైవర్లు స్టీరింగ్ వదిలేశారు. ట్యాంకర్లు ఆగేసరికి హైదరాబాద్ బంకుల ముందు బారులు. డెలివరీ కుర్రాడొకడు భుజాన సంచితో గుర్రమెక్కి బయల్దేరాడు. ఆగితే జనం కొట్టి చంపుతారు, ఆగకపోతే పదేళ్లా అన్నది డ్రైవర్ల ప్రశ్న. మర్నాడు రాత్రికే కేంద్ర హోంశాఖ ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్‌తో మాట్లాడి, సంప్రదించాకే అమలు అంది. జులై 1న సంహిత వచ్చినా ఈ ఉపవిభాగాన్ని మాత్రం పక్కన పెట్టారు.

అయితే చర్చకు కూర్చున్నది ప్రధానంగా రవాణా యజమానుల సంఘం. మాట శిక్ష దగ్గరే ఆగింది. జీతం, బత్తా, నిద్ర దాకా పోలేదు. రోజుకు 8 గంటలే పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది, కాగితం మీద లెండి. ట్రిప్పు లెక్కన డబ్బులొచ్చేవాడు గంటలు చూసుకుంటాడా? ఏసీ క్యాబిన్ మాత్రం 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు తప్పనిసరైంది.