‘ఆనర్స్’ దాటితేనే సైకాలజిస్టు

* ఆస్ట్రేలియా చదువులో నాలుగో ఏడాదే కీలకం
* మూడేళ్ల పట్టాతో వృత్తి అర్హత దక్కదు
* చేరకముందే ఆరేళ్ల లెక్క వేసుకోవాలి

విదేశీ చదువు అనగానే ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ కోర్సులే గుర్తుకొస్తాయి. మనస్తత్వ శాస్త్రం చదివేందుకు ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే విద్యార్థులు మాత్రం ముందుగా ‘ఆనర్స్’ అనే మాటకు అక్కడున్న అర్థాన్ని తెలుసుకోవాలి. దాన్ని పట్టించుకోకుండా విమానమెక్కితే మూడేళ్ల శ్రమ, తల్లిదండ్రులు వెచ్చించిన సొమ్ము ఆశించిన వృత్తికి చేర్చకపోవచ్చు.

ఏమిటీ ఆనర్స్?

ఇంగ్లాండ్‌లో మూడేళ్ల డిగ్రీయే సాధారణంగా ఆనర్స్ పట్టాగా లభిస్తుంది. ఆస్ట్రేలియాలో అలా కాదు. మూడేళ్ల డిగ్రీ పూర్తయిన తర్వాత చదివే నాలుగో సంవత్సరాన్ని అక్కడ ఆనర్స్ అంటారు. కొన్ని విశ్వవిద్యాలయాలు నాలుగేళ్లనూ కలిపి ఒకే కోర్సుగా అందిస్తాయి. మరికొన్నింటిలో మూడేళ్ల తర్వాత విడిగా దరఖాస్తు చేసుకోవాలి. సీట్లు పరిమితం కావడంతో మార్కుల ఆధారంగా గట్టి పోటీ ఉంటుంది. డిగ్రీలో ఉత్తీర్ణులైనంత మాత్రాన సీటు ఖాయమని భావించరాదు.

సీటు రానివారికి దారి పూర్తిగా మూసుకుపోదు. గుర్తింపు పొందిన నాలుగో ఏడాది గ్రాడ్యుయేట్ డిప్లొమా కోర్సులను కొన్ని విశ్వవిద్యాలయాలు నడుపుతున్నాయి. వేరే సబ్జెక్టుతో డిగ్రీ చేసినవారు మొదట మూడేళ్ల సైకాలజీ పాఠ్యాంశాలకు సమానమైన డిప్లొమా పూర్తి చేసి, ఆ తర్వాత నాలుగో ఏడాదికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఏడాదంతా పరిశోధనే

ఆనర్స్‌లో సుమారు సగభాగం పరిశోధనకే కేటాయిస్తారు. విద్యార్థి ఒక గైడ్ పర్యవేక్షణలో అంశాన్ని ఎంచుకుని, ఎథిక్స్ కమిటీ అనుమతి పొంది, సమాచారం సేకరించి, గణాంక పద్ధతులతో విశ్లేషించి థీసిస్ సమర్పించాలి. దీంతోపాటు మానసిక పరీక్షలు, వృత్తి నైతికత, పరిశోధన పద్ధతుల వంటి పాఠాలు ఉంటాయి. మాస్టర్స్‌లో ప్రవేశానికి సాధారణంగా మొదటి శ్రేణి గానీ, రెండో శ్రేణి ‘ఎ’ విభాగం గానీ అడుగుతారు. గణాంక శాస్త్రం అంటే భయపడేవారు మొదటి సంవత్సరం నుంచే పట్టు సాధించడం మేలు.

స్థానిక విద్యార్థులు కొన్నిచోట్ల ఈ కోర్సును రెండేళ్లపాటు పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు. విద్యార్థి వీసాపై ఉన్నవారు సాధారణంగా ఫుల్‌టైమ్ చదవాల్సిందే.

ఆ తర్వాత మరో రెండేళ్లు

ఆస్ట్రేలియాలో ‘సైకాలజిస్టు’ అనే పేరుకు చట్టరక్షణ ఉంది. సైకాలజీ బోర్డు వద్ద నమోదు కానివారు ఆ పేరు పెట్టుకోరాదు. ఆనర్స్ తర్వాత ఒక ఏడాది వృత్తి మాస్టర్స్, మరో ఏడాది పర్యవేక్షణలో ఇంటర్న్‌షిప్ చేసి జాతీయ పరీక్ష రాయడం ఒక మార్గం. క్లినికల్ సైకాలజీ వంటి శాఖల్లో రెండేళ్ల మాస్టర్స్ చేయడం మరో మార్గం. నాలుగేళ్ల చదువు తర్వాత నేరుగా రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేసే పాత విధానంలోకి 2022 జూన్ 30 తర్వాత కొత్తవారిని తీసుకోవడం లేదు. పాత సమాచారాన్ని నమ్మి మోసపోరాదు.

ఇంటర్న్‌షిప్ ఏడాది విశ్వవిద్యాలయ కోర్సులో భాగం కాదు. కనుక అప్పటికి ఉద్యోగం చేసే హక్కునిచ్చే వీసా చేతిలో ఉండాలి. చదువు తర్వాత ఇచ్చే తాత్కాలిక గ్రాడ్యుయేట్ వీసాకు 2024 జులై 1 నుంచి సాధారణ వయోపరిమితిని 35 ఏళ్లకు తగ్గించారు.

ఖర్చుల సంగతి

విద్యార్థి వీసా రుసుము 2025 జులై 1న 2,000 ఆస్ట్రేలియా డాలర్లకు పెరిగింది. ఫీజులు, ప్రయాణ ఖర్చులు కాకుండా ఏడాది జీవన వ్యయానికి 29,710 డాలర్లు చూపాలన్న నిబంధన 2024 మే 10న అమల్లోకి వచ్చింది. తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పనిచేయాలన్న పరిమితి 2023 జులై 1న మొదలైంది. థీసిస్ ఒత్తిడిలో ఆ గంటలూ దొరకడం కష్టమే. బ్యాంకు రుణాన్ని మూడేళ్లకే లెక్కవేసుకున్న కుటుంబాలు నాలుగో ఏడాదికి ఇబ్బంది పడే ప్రమాదం ఉంది.

చేరేముందు ఇవి చూడండి

కోర్సుకు ఆస్ట్రేలియా సైకాలజీ అక్రెడిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ జాబితాలోనే చూసుకోవాలి. ఆనర్స్ సీటుకు కావలసిన మార్కులు, విదేశీ విద్యార్థులకు అవకాశం, మాస్టర్స్ ప్రవేశ నిబంధనలను విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఏజెంటు నోటిమాటపై ఆధారపడవద్దు.

తిరిగి వచ్చి ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయదలచినవారికి ఆనర్స్ పట్టా ఒక్కటే చాలదు. 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలి వద్ద నమోదు తప్పనిసరి. అందుకు తగిన ఉన్నత అర్హత ఉండాలి. ఎక్కడ స్థిరపడాలో ముందే నిర్ణయించుకుని కోర్సు ఎంచుకుంటే, ఆనర్స్ ఏడాదికి పెట్టిన శ్రమ వృథా కాదు.