వార్ధక్యంలో విద్య, సహవాసం

సంక్రాంతి వెళ్ళిన తరువాత పగటిపూట గుంటూరు, ప్రకాశం మెట్ట గ్రామాలలో తిరిగి చూస్తే ఊరు దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. ఒంట్లో శక్తి ఉన్న వారందరూ మిరప కోతలకు పోయి ఉంటారు. పిల్లలు బడిలో ఉంటారు. చదువుకున్న కొడుకులు, కూతుళ్ళు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, గల్ఫు దేశాలలోనో ఉంటారు. అరుగుల మీద మిగిలేది వృద్ధులు మాత్రమే. వారికి అన్నం లోటు లేకపోవచ్చు. పింఛను కూడా అందుతూ ఉండవచ్చు. అయినా పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా వారితో పది మాటలు మాట్లాడే మనిషి లేని ఇళ్ళు చాలా ఉన్నాయి.

వృద్ధుల హక్కులను గురించి మన పత్రికలలో తరచుగా వ్రాస్తూనే ఉన్నాము. తల్లిదండ్రులు ముసలివారైనప్పుడు వారిని విసుక్కుంటూ ఒక్క మాటైనా అనరాదని దివ్య ఖుర్ఆన్ (17:23) ఆదేశించిన సంగతి పాఠకులకు విదితమే. అయితే వృద్ధులకు అన్నం, మందులు, మర్యాద మాత్రమే చాలవు. నేర్చుకునే అవకాశం కూడా వారికి ఉండాలి. నేర్చుకునే చోట నలుగురి తోడు దొరకాలి. ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం ఇదే.

విద్యకు వయసు హద్దు ఉందా?

ఊయల నుండి సమాధి వరకు విద్యను అన్వేషించాలన్న మాట దైవప్రవక్త (సల్లం) హదీసుగా మన సభలలో వినబడుతూ ఉంటుంది. అర్థం మంచిదే గాని, ప్రామాణికమైన హదీసు గ్రంథాలలో ఆ మాట లేదు. ఆ ఆధారం లేకపోయినా మనకు వచ్చిన నష్టమేమీ లేదు, ఎందుకంటే అంతకంటే బలమైన ఆధారాలు ఉన్నాయి.

ఇమామ్ బుఖారీ తమ హదీసు సంకలనంలోని విద్యా ప్రకరణంలో హజ్రత్ ఉమర్ (రజి) గారి మాటనొకదానిని ఉదహరించారు. నాయకులు కాకముందే జ్ఞానం సంపాదించుకోండని దాని భావం. పెద్దరికం వచ్చిన తరువాత నేర్చుకోనక్కరలేదని ఎవరైనా అపార్థం చేసుకుంటారేమోనని ఇమామ్ గారు వెంటనే దానికి తమ వివరణను జోడించారు. నాయకులైన తరువాత కూడా నేర్చుకోవాలనీ, ప్రవక్త సహచరులు పెద్ద వయసులోనే విద్య నేర్చారనీ ఆయన గుర్తు చేశారు. ఆలోచిస్తే ఇది ఎంత నిజమో తెలుస్తుంది. దివ్యావతరణ ప్రారంభమైనప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) గారికి దాదాపు 38 ఏళ్ళు. ఆ తొలి తరంలో చాలామంది గడ్డాలు మీసాలు వచ్చిన విద్యార్థులే.

తరువాతి కాలంలోనూ ఇటువంటి ఉదాహరణలకు కొదవ లేదు. షాఫియీ ధర్మశాస్త్రవేత్తలలో ప్రముఖుడైన ఖఫ్ఫాల్ మర్వజీ (మరణం: హి. 417) తాళాలు తయారుచేసే పనివాడు. ముప్పై ఏళ్ళ ప్రాంతంలో గాని ఆయన చదువు ప్రారంభించలేదు. బాగ్దాదు పండితుడు ఇబ్నుల్ జౌజీ (మరణం: హి. 597) వాసిత్ పట్టణంలో నిర్బంధంలో ఉన్న చివరి రోజులలో, ఎనభై ఏళ్ళ వయసులో, ఖుర్ఆన్ పది పఠన రీతులను ఒక గురువు ఎదుట కూర్చుని నేర్చుకున్నారు. ఆయన కుమారుడు యూసుఫ్ కూడా ఆయనతో పాటే కూర్చుని నేర్చుకున్నారని చరిత్రకారుడు జహబీ వ్రాశారు. వందలాది గ్రంథాలు వ్రాసిన తండ్రి, యువకుడైన కొడుకు ఒకే గురువు వద్ద సహాధ్యాయులు కావడం గమనించదగిన విషయం. మన దేశాన్ని గురించి గొప్ప గ్రంథం వ్రాసిన అల్‌బిరూనీ (జననం: 973) 1017 తరువాత గజనీ చేరిన మీదట, అంటే నలభై దాటిన తరువాత, సంస్కృతం నేర్చుకున్నారు. మరణశయ్య మీద కూడా ఆయన తనను చూడవచ్చిన పండితుని వారసత్వ చట్టంలోని ఒక చిక్కును విప్పి చెప్పమని అడిగారట.

తడబడే నాలుక

వీరందరూ మహా మేధావులు, మన ఊరి వృద్ధులకు వారితో పోలికేమిటని అడగవచ్చు. దానికి హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు జవాబిస్తుంది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఆ హదీసు సారాంశం ఇది: ఖుర్ఆన్‌ను నైపుణ్యంతో పఠించేవాడు గౌరవనీయులైన దైవదూతల సరసన ఉంటాడు. తడబడుతూ, కష్టపడుతూ పఠించేవానికి రెండు ప్రతిఫలాలు లభిస్తాయి. పఠనానికి ఒకటి, పడిన కష్టానికి మరొకటి అని పండితులు వివరించారు.

ఈ హదీసును నేను మద్రసాలో కంఠస్థం చేశాను. అయితే దాని అర్థం నాకు తెలిసింది చాలా కాలం తరువాత, నా తప్పు వల్లనే. ప్రకాశం జిల్లాలోని ఒక గ్రామంలో కొంతకాలం అసర్ నమాజు తరువాత పెద్దలకు పాఠం చెప్పాను. వచ్చేవారిలో డెబ్భై దాటిన ఒక నూర్‌బాషా పెద్దాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టినవాడు. తెలుగు అక్షరాలలో అచ్చయిన చిన్న పుస్తకం చూస్తూ ఇఖ్లాస్ సూరా చదువుతున్నాడు. అందులో మొదటి మాట ‘ఖుల్’. అరబీలోని ‘ఖాఫ్’ అక్షరాన్ని గొంతు లోపలి నుండి పలికితే ‘చెప్పు’ అని అర్థం; దానిని ‘కాఫ్’గా పలికితే ‘తిను’ అని అర్థం. ఆయన ‘కుల్’ అన్నాడు. నలుగురిలో మూడుసార్లు ఆపి సరిదిద్దాను. మూడోసారి కూడా ‘కుల్’ అనే వచ్చింది. వెనుక ఒక కుర్రవాడు నవ్వాడు. పెద్దాయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. మరునాడు రాలేదు. ఆ తరువాతా రాలేదు. నేనూ వెళ్ళి అడగలేదు.

కొన్ని నెలల తరువాత బజారులో ఎదురుపడి మాట్లాడినప్పుడు గాని ఆయనకు చెవులు సరిగా వినబడటం లేదన్న సంగతి నాకు తెలియలేదు. నేను నోటి లోపమనుకున్నది చెవి లోపం. ఆ రెండు ధ్వనుల తేడా ఆయనకు వినబడనే లేదు. “మీరు చెప్పింది సబబే హజ్రత్ గారూ, కాకపోతే పదిమందిలో చెప్పారు” అన్నాడు. రెండు ప్రతిఫలాలు వాగ్దానం చేయబడిన మనిషిని నేను తలుపు బయటికి పంపాను.

ముఆవియా బిన్ హకమ్ (రజి) అనే సహాబీ కొత్తగా ఇస్లాం స్వీకరించి, నియమం తెలియక సామూహిక నమాజులో మాట్లాడారు. చుట్టూ ఉన్నవారు గుడ్లురిమి చూశారు. నమాజు ముగిసిన తరువాత దైవప్రవక్త (సల్లం) ఆయనను కసురుకోలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో మామూలు సంభాషణ తగదని నెమ్మదిగా చెప్పారు. అంతకంటే మంచి గురువును తాను ఎన్నడూ చూడలేదని ఆ సహాబీయే చెప్పుకున్నారు. ఈ ఉల్లేఖనం ముస్లిం గ్రంథంలో ఉంది. పెద్దలకు పాఠం చెప్పబోయే ప్రతి యువకుడూ ముందు దీనిని చదవాలి.

భాష అనే గడప

మన ప్రాంతంలో మరొక అడ్డంకి భాష. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలకు తెలుగే ఇంటి భాష. ఇతర ముస్లిం కుటుంబాలలో కూడా ఉర్దూ మాట్లాడగలిగినా చదవలేని వారు ఎక్కువ. ఒకప్పుడు ధార్మిక గ్రంథాలు, ప్రసంగాలు దాదాపుగా ఉర్దూలోనే ఉండడం వల్ల ఈ పెద్దలు జీవితమంతా మస్జిదులో కూర్చుని కూడా అర్థం తెలియక మిగిలారు. ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చే ప్రయత్నం స్వాతంత్ర్యానికి ముందే చిలుకూరి నారాయణరావుగారి వంటి ముస్లిమేతర పండితుని చేతుల మీదుగా జరిగిందన్న విషయాన్ని కృతజ్ఞతతో స్మరించుకోవాలి. ఇప్పుడు తెలుగులో అనువాదాలు, హదీసు సంకలనాలు పలువురివి ఉన్నాయి. అనేక మస్జిదులలో తెలుగులోనే ప్రసంగిస్తున్నారు.

అయితే తెలుగులో ఉన్నంత మాత్రాన అందరికీ అర్థమవుతుందనుకోవడం పొరపాటు. ‘తౌబా’ అనే మాటకు నేను ‘పశ్చాత్తాపం’ అని వ్రాసుకుని చదువుతుంటే, పెదనందిపాడు వైపు నుండి వచ్చిన ఒక వృద్ధురాలు “అంటే తప్పయిందని చెప్పుకుని, మళ్ళీ ఆ దారిన పోకుండా ఉండటమేనా బాబూ?” అని అడిగింది. ధర్మశాస్త్రం తౌబాకు చెప్పిన షరతులు ఆ ఒక్క వాక్యంలో వచ్చాయి. అనువాదకునికి అంతకంటే మంచి పాఠం ఏ విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది?

తెలుగు లిపిలో అరబీ సూరాలు చదవడం ఆరంభానికి ఊతంగా ఉపయోగపడుతుంది గాని అక్కడే ఆగిపోకూడదు. అరబీలోని కొన్ని ధ్వనులకు తెలుగులో అక్షరాలే లేవు. ముందు వినడం, తరువాత గురువుతో కలిసి పలకడం, ఆ తరువాత ‘నూరానీ ఖాయిదా’ వంటి తొలి వాచకంతో రోజుకొక అక్షరం దిద్దడం పెద్దలకు అనువైన క్రమం.

ఈ నేల మీద జరిగిన పని

వయోజనులకు విద్య చెప్పడం మన ప్రాంతానికి కొత్త కాదు. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో ఆరంభమైన సారస్వత నికేతనం గ్రంథాలయానికి 1929లో గాంధీజీ భవన శంకుస్థాపన చేశారు. ఆనాడు గుంటూరు జిల్లాలోనూ, 1970 నుండి ప్రకాశం జిల్లాలోనూ, 2022 నుండి బాపట్ల జిల్లాలోనూ ఉన్న ఆ ఊరికి పుస్తకం కోసం దూరప్రాంతాల వారు కూడా వచ్చారు. డెల్టా వైపున పాతూరి నాగభూషణంగారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుని దగ్గరకు వెళ్ళాలన్నది అందులోని సూత్రం. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని వృద్ధులకు ఈనాడు వర్తించేది కూడా అదే.

ప్రభుత్వ కార్యక్రమాలలో మాత్రం వృద్ధులకు చాలా కాలం చోటు లేకపోయింది. 1978 అక్టోబరు 2న ప్రారంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15 నుండి 35 ఏళ్ళ వారిని ఉద్దేశించింది. 1988లో వచ్చిన జాతీయ అక్షరాస్యతా మిషన్ కూడా అదే వయోపరిమితిని పాటించింది. 1978లో 36 ఏళ్ళున్న మనిషికి ఇప్పుడు ఎనభై దాటాయి. చదువు వయసు దాటిపోయిందని అతనికి ఆనాడే చెప్పినట్లయింది. 2009లో సాక్షర భారత్ 15 ఏళ్ళు దాటిన వారందరినీ చేర్చుకోగా, 2022లో మొదలైన ‘ఉల్లాస్’ కార్యక్రమానికి కూడా పై వయసు హద్దు లేదు. మన మస్జిదు కమిటీలు ఈ అవకాశాన్ని వినియోగించుకోవచ్చు.

పొరుగున నెల్లూరు జిల్లాలో 1991లో నడిచిన అక్షరాస్యతా ఉద్యమం మరొక సంగతి నేర్పింది. రాత్రి బడికి వచ్చిన స్త్రీలు అక్షరాలతో పాటు తమ కష్టాలను కూడా ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1992లో జిల్లా అంతటా, తరువాత రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం అమలులోకి వచ్చింది. పలక మీద అక్షరం దిద్దడం కంటే పదిమంది ఒకచోట కూర్చోవడమే అక్కడ పెద్ద పాఠమయింది.

వైద్యశాస్త్రం ఏమంటుంది?

మతిమరుపు వ్యాధిని గురించి లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో, మనం మార్చగలిగిన 14 కారణాలను పేర్కొన్నారు. చిన్ననాడు చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. ఈ కారణాలన్నింటినీ తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని వారి అంచనా. మన దేశంలో 60 దాటిన వారిలో 7.4 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అలాగని చదువును మందు బిళ్ళగా భావించరాదు. జ్ఞానం వచ్చిన తరువాత కూడా దానిని కోల్పోయే వయసు వరకు కొందరు చేరుకుంటారని ఖుర్ఆన్ (16:70) మనకు చెప్పనే చెప్పింది. అట్టి స్థితిలో ఉన్నవారికి కూడా పక్కన కూర్చునే మనిషి కావాలి.

హల్ఖా ఎలా ఉండాలి?

హల్ఖా అంటే వలయం. వలయంలో వెనుక వరుస ఉండదు. ప్రవక్త (సల్లం) మస్జిదులో సహాబీలు అలాగే కూర్చునేవారు. మన ఊళ్ళలో దీనిని ఏర్పాటు చేయడానికి డబ్బుతో పెద్దగా పనిలేదు గాని కొన్ని జాగ్రత్తలు అవసరం.

మొదటిది, కాలం. పత్తి తీతలు, మిరప కోతలు సాగే నెలలలో కొత్త పాఠం పెట్టకుండా విన్నదే మళ్ళీ వినిపించాలి. వేసవిలో కొత్త పాఠం మొదలుపెట్టాలి. రెండవది, కన్ను, చెవి. చత్వారానికి అద్దాలు, శుక్లాలకు శస్త్రచికిత్స, వినికిడి పరీక్ష అయిన తరువాతే పాఠం. పుస్తకాలు లావు అక్షరాలలో ఉండాలి. నా అనుభవం చెప్పాను కదా!

మూడవది, స్త్రీలు. తమకు ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించమని స్త్రీలు కోరగా దైవప్రవక్త (సల్లం) అంగీకరించినట్లు బుఖారీలో ఉంది. మన పెద్ద ముత్తవలు కల్లంలో తాలు కాయలు ఏరుతూ, తొడిమలు తీస్తూ గంటల తరబడి కూర్చుంటారు. చేతులకు పని ఉంటుంది గాని చెవులకు తీరికే. ఒక అమ్మాయి పుస్తకం చదివి వినిపిస్తే కల్లమే పాఠశాల అవుతుంది. నాల్గవది, ఇచ్చిపుచ్చుకోవడం. పెద్దలు వినడానికే రాకూడదు, చెప్పడానికి కూడా రావాలి. ఏ నేలలో ఏ పైరు నిలుస్తుందో, ఏ కరువులో ఊరు ఎలా గట్టెక్కిందో వారు చెబుతుంటే పిల్లలు వ్రాసుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది చివరిది. ప్రవక్త (సల్లం) మస్జిదును ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ కనిపించకపోయేసరికి ఆమె ఏమైందని ఆయన అడిగారు. చనిపోయిందని తెలిసి, తనకెందుకు తెలియజేయలేదని అడిగి, ఆమె సమాధి వద్దకు వెళ్ళి ప్రార్థన చేశారు. ఆమె లేని లోటును గమనించిన వారు ఆయనే. హల్ఖాలో హాజరు పట్టీ ఉంచితే, రాని వారిని మందలించడానికి కాదు, మరునాడు వారి ఇంటికి వెళ్ళడానికి ఉంచాలి.

నేను ఆ పెద్దాయన ఇంటికి ఆలస్యంగానైనా వెళ్ళాను. ఆయన మళ్ళీ హల్ఖాకు రాలేదు గాని, చెవి దగ్గర నోరు పెట్టి చెబితే నాతో కలిసి రెండు మూడు సూరాలు చదివేవాడు. ‘ఖాఫ్’ ఎన్నడూ సరిగా రాలేదు. ఆయనకు ఆ రెండు ప్రతిఫలాలను అల్లాహ్ ప్రసాదించుగాక! మన ఊళ్ళలో అరుగుల మీద మిగిలిన ప్రతి వృద్ధుని, వృద్ధురాలిని అడిగి పలకరించి, వలయంలో చోటిచ్చి కూర్చోబెట్టుకునే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.