‘అలవాటుందా?’ అంటే ‘లేదండి బాబూ!’
అరెస్టయిన మహిళల మాట ఎంతవరకు నిజం?

అమలాపురం: సారా కేసులోనో, గంజాయి కేసులోనో పట్టుబడిన మహిళను ‘నీకూ అలవాటుందా?’ అని స్టేషన్‌లో నలుగురి ఎదుట అడిగితే ఏం చెబుతుంది? ‘అబ్బే, లేదండి బాబూ!’ అనే అంటుంది. అది నిజం కావచ్చు, కాకపోనూవచ్చు.

రాజోలు, కొత్తపేట, అమలాపురం ప్రాంతాల్లో ఒకరింటి గుట్టు తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది. మగాడు తాగితే ‘అలవాటు’, ఆడది తాగితే అప్రదిష్ట. పైగా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం వాడకం కూడా నేరమే. ఒప్పుకుంటే మరో కేసు తగులుకుంటుందన్న భయం ఊరికే పుట్టింది కాదు.

ఈ దాపరికం మనకే పరిమితం కాదు. అమెరికాలో 1987 నుంచి కొన్ని నగరాల్లో అరెస్టయినవారిని పేరు రాసుకోకుండా ప్రశ్నించి, వారి సమ్మతితో మూత్రపరీక్ష జరిపారు. పరీక్షలో మందు బయటపడినవారిలో చాలామంది నోటితో ‘లేదు’ అన్నవారే!

మన దేశంలో 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యం తాగేవారు పురుషుల్లో 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. ఇంటికొచ్చి అడిగినవారికి చెప్పిన లెక్క ఇది. చెప్పనివారు ఇందులో చేరరు.

పోనీ, పరీక్షనే నమ్ముదామా? రోజూ గంజాయి తాగేవారి మూత్రంలో దాని జాడ వారాల తరబడి ఉంటుంది. మద్యం త్వరగానే పోతుంది. కనుక పరీక్షా పూర్తి సాక్ష్యం కాదు.

ప్రాణానికే ముప్పు

నిజం దాగితే నష్టం లెక్కలకే కాదు. రోజూ బాగా తాగేవారికి హఠాత్తుగా మద్యం ఆగితే గంటల్లో చేతులు వణుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆపైన మతిభ్రమణం రావచ్చు. వైద్యం అందకుంటే ప్రాణమే పోవచ్చు. ‘లేదు’ అని రాసుకున్న కాగితం ఆ రాత్రి లాకప్‌లో ఆమెను కాపాడలేదు.

అరెస్టయిన మహిళను మహిళా వైద్యురాలే, లేదా ఆమె పర్యవేక్షణలోనే పరీక్షించాలని చట్టం చెబుతోంది. ఆ పరీక్ష సంతకంతో సరిపెట్టే తంతు కారాదు. పోలీసులను దూరంగా ఉంచి, ‘ఇది కేసు కోసం కాదమ్మా, నీ వైద్యం కోసం’ అని నచ్చజెప్పి అడిగితే నిజం చెప్పే ధైర్యం వస్తుంది. వాడకం కేసులో ఉన్న బానిసలు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే శిక్ష తప్పించే వీలు 64ఏ సెక్షన్‌లో ఉంది. ఈ సంగతి ఆమెకు తెలియజెప్పాలి. 14446 నంబరుకు ఫోన్ చేస్తే వ్యసన విముక్తికి సలహా దొరుకుతుంది.

2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. ఈ విషయంలో జిల్లా అధికారులు శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.